నవ్వించడం తేలికనుకునేవారికి

తిరుపతిలో నాటకాలు ఆడిస్తూ, నటనలో శిక్షణ ఇస్తుంటాను. హాస్యం గురించి కొత్తవారు వెంట తెచ్చుకునే నమ్మకాలను వదిలించడానికి జంధ్యాల ‘అహ నా పెళ్లంట’ (1987) చూపిస్తాను.

అపోహ: ముఖం చూడగానే నవ్వు రావాలి.

వాస్తవం: ‘ప్రతిఘటన’ (1985)లో కాశయ్యగా కోట శ్రీనివాసరావు భయపెట్టారు. రెండేళ్లకు ‘అహ నా పెళ్లంట’లో అదే ముఖంతో పిసినారి లక్ష్మీపతిగా కడుపుబ్బ నవ్వించారు. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సన్నివేశం గుర్తుందిగా? లక్ష్మీపతికి అందులో వింతేమీ లేదు, అది అతని భోజనం. మా విద్యార్థులు దాన్నే చేసేటప్పుడు ముద్ద నోటికి చేరేలోపు ప్రేక్షకుల వైపు ఒక ఓరచూపు విసురుతారు, ‘చూశారా నా పిసినారితనం’ అన్నట్టు. నవ్వు అక్కడే ఆరిపోతుంది.

అపోహ: జోకులన్నీ హీరోకే ఉండాలి.

వాస్తవం: ఈ సినిమాలో హీరో రాజేంద్రప్రసాద్‌ది పిల్లను దక్కించుకోవడానికి పిసినారి వేషం కట్టిన కుర్రవాడి పాత్ర. పైకి ధీమా, లోపల దొరికిపోతానేమోనన్న బెదురు, రెండూ ఒకేసారి కనబడాలి. అలా నటిస్తూనే కోట మాటకు, అరగుండుగా బ్రహ్మానందం సణుగుడుకు చోటివ్వాలి. ఎదుటివాడి మాట వినడం ఈ పనిలో సగం.

అపోహ: టైమింగ్ పుట్టుకతో రావాలి.

వాస్తవం: సాధనతో వస్తుంది. మా ఊరి మహతి ఆడిటోరియంలో నాటకం ఆడుతుండగా నవ్వు లేస్తే తర్వాతి మాట ఆపుతాం. అది తగ్గుముఖం పట్టగానే, పూర్తిగా చల్లారకముందే అందుకుంటాం. సినిమా షూటింగులో ఆ ఆసరా లేదు. షాట్ నడుస్తుండగా ఎవరికీ నవ్వే వీలుండదు కాబట్టి, రేపు హాల్లో నవ్వు ఎంతసేపు ఉంటుందో నటుడూ ఎడిటరూ ముందే అంచనా కట్టాలి.

అపోహ: చిత్తూరు యాస పెడితే చాలు, హాస్యం పండుతుంది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు చిర్రెత్తుతుంది. మేం ఏడ్చేదీ, అప్పులవాళ్లతో తగవు పడేదీ ఆ యాసలోనే. ‘పుష్ప’ (2021)లో అల్లు అర్జున్ ఆ యాస మాట్లాడే జాతీయ ఉత్తమ నటుడయ్యారు, అదేమీ హాస్య పాత్ర కాదు. వెక్కిరింతగా పలికితే పరాయి జిల్లాలో నవ్వుతారేమో గానీ, ఇక్కడివాళ్లు ముఖం తిప్పుకుంటారు. అసలు ముందు పాత్రది శ్రీకాళహస్తో కుప్పమో తేల్చుకోండి. కుప్పం మాటలో తమిళం, కన్నడం కలిసి ఉంటాయి. ఆ తేడా పట్టుకోవడానికే వారం పడుతుంది.