సూదిలో దారం ఎక్కించి పెట్టుకోండి

పిల్లలూ,

మొన్న చిన్నాడు ఫోన్‌లో "చదవాలనే ఉంది అమ్మమ్మా, మూడ్ రావట్లేదు" అన్నాడు. ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టినదాన్ని, మూడ్ కోసం చూసుంటే శ్రావణమాసంలో ఒక్కరికీ టైముకి ఇచ్చేదాన్ని కాదు.

నాకు మహా విసుగు చీరకి ఫాల్ కుట్టడం. కింది అంచు మిషను మీద లాగేసినా, పై అంచు రెండున్నర మీటర్ల పొడవునా చేత్తో హెమ్మింగ్ చేయాలి, మెడ పట్టేస్తుంది, కళ్లు లాగుతాయి. ఆ చీర కనపడగానే నాకు వంటింట్లో పోపుడబ్బా తుడవాలని గుర్తొచ్చేది (మీరు చదువుకి ముందు టేబుల్ సర్దుతారే, అదే). చీర మొత్తం కుట్టాలనుకుంటే చెయ్యి లేచేది కాదు, సూదిలో దారం ఎక్కిస్తే చాలు అనుకుంటే లేచేది. దారం ఎక్కించాక ఊరికే ఎలా కూర్చుంటాం, పది కుట్లు పడతాయి, ఆ పది పడ్డాక విసుగు సగం పోయేది. మూడ్ అనేది ఆ పదో కుట్టు దగ్గర వస్తుందర్రా, ముందు రాదు.

ఇంకోటి. రాత్రి ఆపేటప్పుడు అంచు చివరిదాకా వెళ్లకుండా మధ్యలోనే, సూది గుడ్డకి గుచ్చి ఆపేదాన్ని. పిల్లలకి గుచ్చుకుంటుందని మా అత్తగారు తిట్టేవారు, అదీ నిజమే, అందుకని బీరువా పైన పెట్టేదాన్ని. పొద్దున కాఫీ తాగగానే చెయ్యి దానంతటదే అటు పోయేది. 1928లోనే మరియా ఒవ్సియాంకినా అనే ఆవిడ దీనిమీద పరిశోధన రాసిందని, మధ్యలో ఆపించిన పనిని చాలామంది ఎవరూ చెప్పకుండానే మళ్లీ అందుకుంటారని తేలిందని సైకాలజీ చదివేటప్పుడు మీ పెద్దక్క చెప్పింది. మీరూ చాప్టర్ అయిపోయిందని పుస్తకం మూసేయకండి, తర్వాతి లెక్క మొదటి లైను రాసి, పెన్ను అందులోనే పెట్టి పడుకోండి.

కటింగ్‌కి మాత్రం ఈ కిటుకులు వద్దు. ఓసారి నిద్రమత్తులో కత్తెర పట్టి ఒకావిడ పట్టు జాకెట్టు చేతులు పొట్టి చేసేశాను, గుడ్డ నా డబ్బుతో కొనివ్వాల్సొచ్చింది. బుర్ర పెట్టాల్సినవి తెల్లారాకే.

అయితే వారాల తరబడి తిండి, నిద్ర, ఆట ఏదీ రుచించకపోతే అది బద్ధకం కాదు, సూదీ దారంతో పోయేదీ కాదు. అప్పుడు అమ్మకి చెప్పండి, లేదా మనసు బాగోనివాళ్లకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ ఉంది, వాళ్లకి 14416కి ఫోన్ చేయండి, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఉంటాను, గుమ్మంలో ఎవరో చీర పట్టుకుని నిలబడ్డారు.

మీ అమ్మమ్మ