నాన్న కీమో, నాన్న చెవులు

నాన్నకి గొంతు క్యాన్సర్ అని తేలిన రోజు మేమందరం డాక్టర్ గారిని అడిగినవి మామూలు ప్రశ్నలే, తగ్గుతుందా, ఎన్నాళ్ళు పడుతుంది, ఎంతవుతుంది అని. నాన్న మాత్రం "పాటలు వినొచ్చా అండీ" అని అడిగారు. ఆయనకి 66 ఏళ్ళు, పొద్దున్నే రేడియోలో భక్తిరంజని మొదలవకుండా కాఫీ ముట్టరు, తెనాలిలో ఎక్కడ కచేరీ ఉన్నా తంబుర బాగా వినపడే చోటు వెతుక్కుని మరీ కూర్చుంటారు. డాక్టర్ గారు నవ్వి, హాయిగా వినండి అన్నారు. ఆ రాత్రి ఇవ్వబోయే మందు గురించి చదువుతుంటే నాకు తెలిసింది, నాన్న అడగాల్సిన ప్రశ్నే అడిగారని.

ఆ మందు పేరు సిస్‌ప్లాటిన్. తల, మెడ క్యాన్సర్లకి రేడియేషన్‌తో పాటు ఎక్కువగా ఇచ్చేది ఇదే. ఇందులో ఉన్నది నగల షాపులో అమ్మే ప్లాటినమే. 1965లో అమెరికాలో రోజెన్‌బర్గ్ అనే ఆయన బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూద్దామని ప్లాటినం కడ్డీలు పెడితే, వాటి నుంచి నీళ్ళలో కలిసిన ప్లాటినం వల్ల బ్యాక్టీరియా ఒకటి రెండుగా విడిపోవడం ఆగిపోయింది, అలా దొరికింది, 1978లో మందుగా అనుమతి వచ్చింది. క్యాన్సర్ కణం డీఎన్ఏకి అతుక్కుని దాన్ని రెండుగా చీలకుండా చేస్తుంది. చాలామంది ప్రాణాలు కాపాడిన మందు, దాని మీద నాకు కోపం లేదు. కానీ అది లోపలి చెవిలోకి కూడా వెళ్తుంది, వెళ్ళి అక్కడే ఉండిపోతుంది, నెలలు కాదు ఏళ్ళ తరబడి ఉంటుందని 2017లో తేల్చారు.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంటుంది, అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 సన్నటి రోమ కణాలు. గుమ్మం దగ్గర ఉన్నవి కీచు స్వరాలని, లోపల చివరికి ఉన్నవి మంద్ర స్వరాలని పట్టుకుంటాయి. సిస్‌ప్లాటిన్ ముందు గుమ్మం దగ్గర వాటిని చంపుతుంది. చచ్చినవి మళ్ళీ పుట్టవు (కోళ్ళకి పుడతాయట, మనకి ఆ అదృష్టం లేదు). పేషెంటుకి మొదట ఏమీ తెలియదు, చెవిలో కుయ్యిమని ఒక మోత, తర్వాత మాట వినపడుతుంది కానీ స, శ, ష లాంటివి మసకబారి ఏమన్నారో అర్థం కాదు, ఇంట్లో వాళ్ళేమో వయసు వల్లే అనుకుని వదిలేస్తారు.

అందుకే మొదటి డోస్‌కి ముందే ఆడియోగ్రామ్, అంటే ఏ స్వరం ఎంత వినపడుతోందో గీత గీసి చూపే వినికిడి పరీక్ష, తీయించమని గట్టిగా చెప్తున్నా. వయసుతో అప్పటికే ఎంత పోయిందో ఒక లెక్క ఉంటేనే కదా మందు వల్ల ఎంత పోయిందో తెలిసేది. మామూలు టెస్టు 8,000 హెర్ట్జ్ దాకే చూస్తుంది (స్వరం ఎంత కీచుగా ఉంటే ఈ హెర్ట్జ్ లెక్క అంత ఎక్కువ), దానికి పైన కూడా చూసే మెషీన్ ఉంటే అడగండి, నష్టం అక్కడే మొదలవుతుంది. డోస్ పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది, తేడా ముందే కనపడితే డోస్ విడగొట్టడమో మందు మార్చడమో డాక్టర్లు ఆలోచిస్తారు. ఇయర్‌ఫోన్లో గట్టిగా వినడం కూడా ఆ రోజుల్లో మానాలి, పెద్ద శబ్దం చంపేది కూడా ఆ కణాలనే.

మరి పాట వల్ల లాభం ఉందా అంటే ఉంది. క్యాన్సర్ రోగులకి సంగీతం మీద జరిగిన 81 ట్రయల్స్‌ని, మొత్తం 5,576 మందిని, 2021లో కాక్రేన్ అనే, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ వాళ్ళు కలిపి చూస్తే పెద్దవాళ్ళలో ఆందోళన, నొప్పి, నీరసం కొంత తగ్గుతాయని తేలింది. గడ్డ తగ్గుతుందని ఎవరూ అనలేదు, వాట్సాప్‌లో రాగాలతో క్యాన్సర్ నయం అని పంపేవాళ్ళ మాట నమ్మొద్దు. 2011లో మాంట్రియల్లో చేసిన ఒక స్టడీలో, వింటూ ఒళ్ళు జలదరించే ఆ క్షణంలోనే కాదు, అది రాబోతోందని ఎదురుచూసేటప్పుడు కూడా మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడ్డ రసాయనం విడుదలైందని చూశారు. ఆలాపనలో పై షడ్జం కోసం నాన్న కళ్ళు మూసుకుని ఆగే ఆగడం నాకు అప్పుడు అర్థమైంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మేమే పెట్టుకున్నాం. 1978లో సియాటిల్లో కీమోకి ముందు పిల్లలకి కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెడితే, తర్వాత చాలామంది దాన్ని వద్దన్నారు, కీమోతో వచ్చే వాంతికీ ఆ రుచికీ మెదడు ముడి వేసేసింది. ఈ ముడి రుచికి, వాసనకి పడినంత గట్టిగా పాటకి పడకపోవచ్చు, అయినా రిస్క్ ఎందుకని కీమో గదిలో ఆయనకి పెద్దగా అనుబంధం లేని వేణువు, సంతూర్ పెట్టేదాన్ని. భక్తిరంజని ఇంటికే, కాఫీకే.

రెండో డోస్ తర్వాత తీసిన ఆడియోగ్రామ్‌లో గీత 6,000 హెర్ట్జ్ దగ్గర కిందికి జారింది, అంటే అక్కడ వినికిడి తగ్గింది. డాక్టర్ గారు కాసేపు చూసి, మూడోది కార్బోప్లాటిన్‌కి మార్చారు, అదీ ప్లాటినం మందే కానీ చెవుల మీద కాస్త దయగా ఉంటుంది. రేడియేషన్ అయిపోయి నాలుగు నెలలైంది. మొన్న గుళ్ళో భజన నుంచి వచ్చాక నాన్న అన్నారు, "చిడతల గలగల సన్నబడిపోయింది అమ్మాయ్, తంబురలో గాంధారం మాత్రం ఉంది." తంబుర స తీగ మోగుతుంటే దాని లోంచే లీలగా పలికే ఆ గాంధారం వెయ్యి హెర్ట్జ్‌కి లోపలే ఉంటుంది, గొట్టంలో గుమ్మానికి చాలా దూరంగా. ఆ సంగతి చెప్తే, ఇంకోసారి బొమ్మ గీసి చూపించమన్నారు.