‘మిస్సమ్మ’ మళ్ళీ ఎందుకు చూడాలి? కొన్ని అపోహలు - వాస్తవాలు

పాత సినిమాల ప్రదర్శనలో 1955 నాటి ‘మిస్సమ్మ’ పెట్టినప్పుడల్లా వినే మాట ఇది: “మిస్సమ్మా? చూసేశాం కదండీ, కథంతా తెలుసు.”

అపోహ: కథ తెలిశాక ఇంకేం మిగులుతుంది?

వాస్తవం: దాచిపెట్టడానికి ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. జమీందారు దంపతుల తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి ఈ మేరీయేనని డిటెక్టివ్ రాజు కంటే ముందే మనకు తెలిసిపోతుంది. ఎవరికి ఎంత తెలుసు, ఎంత తెలియదు అన్నదాని మీదే సినిమా అంతా నడుస్తుంది. రావు (ఎన్టీఆర్), మేరీ (సావిత్రి) ఉద్యోగం కోసం ఆలుమగలుగా నటిస్తున్నారని వాళ్ళ వెంట ఉండే దేవయ్యకు తెలుసు, జమీందారుకు తెలియదు. అందుకే మామూలు పలకరింపులో కూడా రెండర్థాలు ఉంటాయి. మేరీ గర్భవతి అనుకుని తలపెట్టే సీమంతం సన్నివేశమే తీసుకోండి. మొదటిసారి పొరపాటు చూసి నవ్వేస్తాం. రెండోసారి జమీందారు దంపతులుగా వేసిన ఎస్వీ రంగారావు, ఋష్యేంద్రమణి ముఖాలు చూడండి: తల్లిదండ్రులు తెలియకుండానే సొంత కూతురికి వేడుక చేస్తున్నారు!

‘రావోయి చందమామ’ పాటను మూడుసార్లు వేసుకోండి. ఏ.ఎం. రాజా గొంతు వస్తున్నప్పుడు సావిత్రిని, పి. లీల పాడుతున్నప్పుడు ఎన్టీఆర్‌ని గమనించండి. మూడోసారి కళ్ళు మూసుకుని పాట రాసిన పింగళి మాట మీదే మనసు పెట్టండి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసేది చంద్రుడికే. మొగుడూపెళ్ళాం కాని ఇద్దరు అచ్చం మొగుడూపెళ్ళాల్లా దెప్పుకోవడంలోనే ప్రేమ ఎక్కడ మొదలైందో దొరుకుతుంది.

అపోహ: పాత ప్రింటు, టీవీలో ఎలా చూసినా ఒకటే.

కాదు. ఇది 4:3 ఫ్రేము, అంటే వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు. ఇప్పటి వెడల్పాటి టీవీలో ‘జూమ్’ పెడితే ఎత్తులో పావు వంతు ఎగిరిపోతుంది. కాలి మీద పుట్టుమచ్చ కోసం వెతికే కథలో కాళ్ళే కనబడకపోతే ఎలా? ‘ఫుల్’ పెడితే ముఖాలు అడ్డంగా సాగుతాయి. సెట్టింగుల్లో 4:3 ఎంచుకోండి, పక్కల నల్లపట్టీలు ఉండనివ్వండి. కదలికలను నున్నగా చేసే ‘మోషన్ స్మూతింగ్’ ఆపండి, లేకపోతే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెల టీవీ సీరియల్ లైటింగులా కనిపిస్తుంది. రంగు, షార్ప్‌నెస్ కూడా తగ్గించండి.

అపోహ: మళ్ళీ చూస్తే చిన్నప్పటి ఇష్టం పోతుందేమో!

ఈ భయం నిజమైనదే, పాపం చాలామందికి ఉంటుంది. దాదాపు మూడు గంటలు ఒకేసారి కూర్చోనక్కర్లేదు. పాటలతో మొదలుపెట్టండి, మనసు ఒప్పుకుంటే ముందుకెళ్ళండి.

ఇక భానుమతి గారి సంగతి. మొదట మేరీగా ఆమెతోనే కొంత తీశాక ఆ పాత్ర సావిత్రికి వచ్చింది, సావిత్రి వేయాల్సిన సీత పాత్ర జమునకు వెళ్ళింది. ఎందుకన్నదాని మీద తిరిగే కబుర్లకు సినిమా చూడటంలో పనేమీ లేదు, వదిలేయండి.

తమిళ ‘మిస్సియమ్మ’ డబ్బింగ్ అన్నది కూడా తప్పే. 1955లో విడుదలైన ఈ రెండూ సమాంతరంగా తీసినవే. అక్కడ హీరో జెమినీ గణేశన్, మేరీ మాత్రం సావిత్రే. ఒకే సన్నివేశాన్ని రెండింట్లోంచి తీసి పక్కపక్కన వేసి చూడండి: హీరో మారితే ఆమె కోపం ఎంత మారిందో, ఎక్కడ మారలేదో.