మీ పిల్లలు ఏకసంథాగ్రాహులా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: విన్నది విన్నట్టు ఒప్పజెప్తే అసాధారణమైన తెలివి ఉన్నట్టే.

"మా వాడు ఏకసంథాగ్రాహి మేడమ్, దేశాల రాజధానులన్నీ గడగడా చెప్పేస్తాడు" అంటూ తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తుంటారు. జ్ఞాపకశక్తి మంచిదే. పిల్లల సైకాలజిస్టుగా నేను చూసేది మాత్రం వేరు: ఎన్నిసార్లు చెప్తే వచ్చింది? వచ్చినదాన్ని మనం చెప్పని చోట కూడా వాడుతున్నాడా?

నాలుగున్నరేళ్ల పాపకి వాళ్ల అమ్మమ్మ 'క' గుణింతం ఒక్కటే దిద్దించింది. మర్నాటికల్లా 'గ', 'త' గుణింతాలు తనే రాసేసుకుంది. 'మ' గుణింతంలో 'మొ'ని కూడా 'కొ' లాగే రాసింది. అమ్మమ్మ సరిచేస్తే ఒప్పుకోదే! "మె-కి కొమ్ము పెడితే మొ ఎలా అవుతుంది అమ్మమ్మా?" అని ఒకటే పేచీ. నాకు ఆ తప్పే ముఖ్యం. గుణింతం వెనకున్న సూత్రం పట్టుకున్న పిల్లే అలా తప్పు రాయగలదు.

అపోహ: ఇలాంటి పిల్లలు బుద్ధిగా కూర్చుంటారు, ఫస్ట్ మార్కులు తెచ్చుకుంటారు.

నా దగ్గరికి చాలామంది ఫిర్యాదులతోనే వస్తారు. వచ్చినదాన్నే ఇరవైసార్లు రాయమంటే ఎవరికైనా విసుగే కదా. పైగా ఎదుగుదల అన్నిటిలో ఒకేలా ఉండదు. గ్రహణం ఎలా పడుతుందో వివరించే ఐదేళ్ల పిల్లాడికి పెన్సిల్ పట్టు ఐదేళ్లదే. బుర్రలో ఉన్న బొమ్మ కాగితం మీదికి రాక ఏడుస్తాడు. దాన్ని మొండితనం అనకండి, దయచేసి.

అపోహ: మూడేళ్లకే చదివేస్తే ఇక అనుమానమే లేదు.

చదివింది అర్థమవుతోందా అని చూడండి. బోర్డులన్నీ చదువుతూ, మాటలు ఆలస్యమై, పిలిస్తే పలకకపోతే ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించాలి.

అపోహ: ఐక్యూ టెస్ట్ చేయిస్తే తేలిపోతుంది.

చిన్న వయసులో నిద్ర చాలకపోయినా, కొత్త మనిషిని చూసి బెదిరినా స్కోరు మారిపోతుంది. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే సైకాలజిస్టు 1921లో ఐక్యూ చూసి పిల్లల్ని ఎంచి ఏళ్ల తరబడి గమనించాడు. ఆ వడపోతలో చోటు దక్కని విలియం షాక్లీకి 1956లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

టెస్ట్ కంటే ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పిల్లలు ఏం అడిగారు, ఏ తేదీన, ఎవరూ చెప్పకుండా ఏం చేశారు. రెండు మూడు నెలలది చాలు, నాకు పట్టుకురండి.