ఘాజీ అమెరికాది, కుర్సురా రష్యాది: 1971 యుద్ధం వెనక కథ

వైజాగ్ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూసే ఉంటారు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలో ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, నడుం ముడుచుకుని దూరాలి. అది సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్‌లో మన నేవీలో చేరింది. అక్కడే నిలబడి సముద్రం వైపు చూస్తే, హార్బర్‌కి కాస్త అవతల నీటి అడుగున ఇంకో సబ్‌మెరైన్ పడి ఉంది, పాకిస్తాన్ వాళ్ల ఘాజీ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా కట్టుకుని 'డయాబ్లో' అని పేరు పెట్టుకున్నదాన్ని 1964లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చింది. 1971 యుద్ధాన్ని మనం భారత్, పాక్‌ల యుద్ధంగానే చదువుకున్నాం కానీ ఎవరి చేతికి ఎవరి ఆయుధం ఎందుకొచ్చిందో చూడకపోతే ఆ కథ సగమే తెలిసినట్టు.

మొదలు 1954లో ఉంది. కమ్యూనిస్టులను అడ్డుకోవాలని అమెరికా ఆసియాలో తోడు వెతుక్కుంటుంటే, మేం ఏ కూటమిలోనూ చేరమని నెహ్రూ అన్నారు, పాకిస్తాన్ సరేనంది. ఆ ఏడాదే వాళ్లిద్దరికీ సైనిక సాయం ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది చివర్లో సోవియట్ నేతలు క్రుశ్చేవ్, బుల్గానిన్ ఇండియా వచ్చి కశ్మీర్ విషయంలో మన పక్షాన మాట్లాడి వెళ్లారు. 1962లో చైనా మనతో యుద్ధానికి దిగింది, 1963లో పాకిస్తాన్ అదే చైనాతో సరిహద్దు ఒప్పందం చేసుకుంది. 1965 యుద్ధం వచ్చేసరికి అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేస్తే, తాష్కెంట్‌లో రాజీ కుదిర్చింది సోవియట్ వాళ్లు. సంతకాలైన ఆ రాత్రే శాస్త్రి గారు అక్కడే కన్నుమూశారు.

అసలు మలుపు మాత్రం మనకు దూరంగా, చైనా, సోవియట్ సరిహద్దులోని ఉసూరి నది మీద వచ్చింది. 1969 మార్చిలో అక్కడ చైనా, సోవియట్ సైనికులు కాల్పులు జరుపుకున్నారు. రెండు కమ్యూనిస్టు దేశాల మధ్య పగ ఇంత ముదిరిందంటే చైనాను తమ వైపు తిప్పుకోవచ్చని అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కి అనిపించింది. కానీ చైనాతో అమెరికాకు రాయబార సంబంధాలే లేవు. కబురు మోసే మనిషి కావాలి, ఆ పని పాకిస్తాన్ పాలకుడు యాహ్యా ఖాన్ నెత్తికెత్తుకున్నాడు.

ఆ సమయంలోనే తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్, అంటుకుంది. 1970 డిసెంబర్ ఎన్నికల్లో అక్కడి 162 సీట్లలో 160 ముజీబుర్ రెహమాన్ అవామీ లీగ్‌వే, అంటే దేశం మొత్తానికి ప్రధాని కావాల్సింది ఆయనే. యాహ్యా అసెంబ్లీని వాయిదా వేసి, 1971 మార్చి 25 రాత్రి సైన్యాన్ని ఢాకా వీధుల్లోకి దించాడు. యూనివర్సిటీ హాస్టళ్లలో విద్యార్థులను కాల్చి చంపారు. ఢాకాలోని అమెరికన్ కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ అక్కడ చూసింది చూసినట్టు వాషింగ్టన్‌కి రాశాడు. ఏప్రిల్ 6న అక్కడి అమెరికా అధికారులు 20 మంది తమ ప్రభుత్వ విధానం తప్పని సంతకాలు పెట్టి టెలిగ్రామ్ పంపితే, బ్లడ్ దాన్ని సమర్థించాడు. తర్వాత ఆయన్ని అక్కడినుంచి తప్పించారు. ఆ నెలాఖరులో నిక్సన్ ఒక ఫైలు మీద, ఈ సమయంలో యాహ్యాను ఒత్తిడి చేయొద్దు అని స్వయంగా రాశాడు, 'వద్దు' అన్న మాట కింద మూడు గీతలు గీశాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అప్పటికే జనం పిల్లల్ని చంకనేసుకుని మన బెంగాల్, త్రిపుర సరిహద్దులు దాటుతున్నారు, డిసెంబర్‌కల్లా వాళ్లు దాదాపు కోటి మంది అయ్యారు. చైనా తలుపు తెరుచుకునే దాకా వాళ్ల గోడు పక్కనపెట్టేశారు.

జులైలో నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ ఢిల్లీ వచ్చి మాట్లాడి, అటునుంచి ఇస్లామాబాద్ వెళ్లాడు. కడుపునొప్పి, కొండ మీద విశ్రాంతి తీసుకుంటున్నాడని బయటికి చెప్పి, 9న తెల్లవారుజామున పాకిస్తాన్ విమానమెక్కి చైనా రాజధాని పెకింగ్ (ఇప్పటి బీజింగ్) వెళ్లాడు. 15న నిక్సన్ టీవీలో ఆ సంగతి చెప్పేదాకా మనవాళ్లకు తెలియదు. అమెరికా, చైనా, పాకిస్తాన్ ఒకవైపు చేరుతున్నాయని అర్థమయ్యాక ఢిల్లీ ఆలస్యం చేయలేదు. 1969 నుంచీ నలుగుతున్న సోవియట్ ఒప్పందం మీద ఆగస్టు 9న రెండు దేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రోమికో సంతకాలు పెట్టారు. దాడి జరిగినా, ముప్పు వచ్చినా రెండు దేశాలూ వెంటనే సంప్రదించుకోవాలన్న తొమ్మిదో అధికరణే అందులో ప్రాణం. అలీన విధానం పోయిందని అప్పట్లో విమర్శలొచ్చాయి. ఉత్తరాన చైనా, రెండు పక్కలా పాకిస్తాన్ ఉన్నప్పుడు వేరే దారి ఉందని నేననుకోను.

డిసెంబర్ 3 సాయంత్రం పాక్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు వేశాయి. ఆ అర్ధరాత్రి వైజాగ్ బయట ఘాజీ పేలి మునిగిపోయింది. అది వెతుకుతున్న మన విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికి అండమాన్లలో ఉంది, వైజాగ్ దగ్గరే ఉందని నమ్మించేలా మనవాళ్లు వైర్‌లెస్ సందేశాలు పంపారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలే (నీటి అడుగున పేలే బాంబులు) ముంచాయని మన నేవీ, లోపలి పేలుడు వల్లేనని పాకిస్తాన్ ఇప్పటికీ అంటున్నాయి.

యుద్ధభూమిలో మన సైన్యానికి కావలసింది టైమ్. అది న్యూయార్క్‌లో దొరికింది. ఐరాస భద్రతామండలిలో కాల్పుల విరమణ తీర్మానం వచ్చిన ప్రతిసారీ సోవియట్ ప్రతినిధి వీటో వేశాడు. అదే విషయం జనరల్ అసెంబ్లీకి వెళితే మనకు వ్యతిరేకంగా 104 ఓట్లు, మన వైపు 11. నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ అనే అణు విమానవాహక నౌకను బంగాళాఖాతానికి పంపాడు, దాని వెనకే సోవియట్ నౌకలు కదిలాయి. చైనాను కదిలించాలని కిసింజర్ న్యూయార్క్‌లో ఐరాసలోని వాళ్ల రాయబారిని కలిశాడు కానీ చైనా సరిహద్దు దాటలేదు. డిసెంబర్ 16న ఢాకాలో తూర్పు పాకిస్తాన్‌లోని పాక్ సేనాధిపతి నియాజీ లొంగిపోయాడు, 93,000 మంది బందీలయ్యారు.

రెండు నెలలకే నిక్సన్ పెకింగ్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లైతో కరచాలనం చేశాడు. సిమ్లాలో 1972 జులైలో ఇందిర, భుట్టో ఏ పెద్దమనిషీ లేకుండా నేరుగా కూర్చున్నారు. కొత్తగా పుట్టిన బంగ్లాదేశ్ మాత్రం ఇంకా ఆ పెద్ద దేశాల లెక్కల్లోనే నలిగింది. ఐరాసలో చేర్చుకోమని అడిగితే, 1972 ఆగస్టులో చైనా తన మొట్టమొదటి వీటోను దాని మీదే వాడింది. 1974లో గానీ సీటు దొరకలేదు. చైనా గుర్తింపు ఇచ్చింది 1975 ఆగస్టు 31న. అప్పటికి ముజీబ్‌ను ఆయన ఇంట్లోనే కాల్చి చంపి పదహారు రోజులైంది.