టైరుకు కాటుక

విశాఖ పాతపట్నం నుంచి ఒకావిడ అడిగారు: "మా డాబా మీద రోజూ నల్లటి దుమ్ము పేరుకుంటోంది. టైర్లలో వేసే కార్బన్ బ్లాక్ ఇదేనా?"

కాదండీ. రేవులో బొగ్గును ఎత్తిపోసేటప్పుడు లేచే ధూళి నలిగిన రాయి. పెద్దది చితికి చిన్నదైంది. కార్బన్ బ్లాక్ పుట్టుక దీనికి పూర్తిగా ఎదురు. అది ఆవిరిలోంచి అణువు అణువూ చేరి పెరుగుతుంది.

ఇంట్లో కాటుక పట్టడం చూసే ఉంటారు. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లిస్తారు. మంట నడుమ గాలి చాలదు. నూనె ఆవిరి పూర్తిగా కాలక, వేడికి చిట్లి, హైడ్రోజన్ పోగొట్టుకుంటుంది. మిగిలిన కార్బన్ బెంజీన్‌లోలా ఆరేసి పరమాణువుల వలయాలై, పలకలై, చివరికి గోళాలవుతుంది. దీపపు పసుపు వెలుగు ఎర్రగా కాగిన ఆ గోళాలదే. పళ్లెం లేకపోతే అవి చాలామటుకు మంట అంచున కాలిపోతాయి. పళ్లెం అడ్డం వస్తే కాలకముందే చల్లబడి అంటుకుంటాయి. (దిష్టి సంగతి నన్నడక్కండి. దహనం పాఠానికి మాత్రం ఇంతకన్నా మంచి ప్రయోగం లేదు, బడిలో ఎవరూ చూపించరు!)

ఫ్యాక్టరీ కొలిమిలోనూ ఇదే తంతు. ఆముదానికి బదులు రిఫైనరీ అడుగున మిగిలే చిక్కటి నూనె, లేదా కోక్ ఓవెన్ల (బొగ్గును గాలి తగలకుండా కాల్చే బట్టీల) తారులోంచి తీసిన నూనె. వీటిలో వలయాలు ముందే ఉంటాయి కాబట్టి మసి బాగా కడుతుంది. దాన్ని 1,400 డిగ్రీల పైచిలుకు వేడి వాయువులోకి చిమ్మి, మిల్లీసెకన్లలోనే నీటి జల్లు కొట్టి చర్యను ఆపేస్తారు. పళ్లెం పని నీళ్లు చేస్తాయన్నమాట. వేడి పెంచితే గోళాలు చిన్నవవుతాయి. పొటాషియం లవణం కాస్త కలిపితే అవి గుత్తులు కట్టడం తగ్గుతుంది. కార్బన్ బ్లాక్‌లో ఎన్330 అనే రకంలో గోళం సుమారు 30 నానోమీటర్లు, గ్రాముకు ఉపరితలం దాదాపు 75 చదరపు మీటర్లు. ట్రెడ్‌కు, అంటే రోడ్డును తాకే పై పొరకు, ఎన్220, ఎన్330 రకాలు; ట్యూబులకు ముతక ఎన్660.

రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులు పట్టుకునేది ఆ ఉపరితలాన్నే. తొలినాటి టైర్లు జింక్ ఆక్సైడుతో తెల్లగా ఉండేవి, తొందరగా అరిగేవి. 1904లో ఇంగ్లాండులోని సిల్వర్‌టౌన్‌లో మసి బలం బయటపడింది. ఇప్పుడు విశాఖ పక్కన అచ్యుతాపురంలో చేసే టైరైనా, మరెక్కడిదైనా సాధారణంగా నల్లగానే ఉంటుంది.

డ్రిప్ పైపుల్లో కార్బన్ బ్లాక్‌ను నూటికి రెండు మూడు పాళ్లు కలుపుతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అది మింగేసి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది. పాళ్లు బాగా పెంచితే గుత్తులు ఒకదాన్నొకటి తాకి కరెంటు పారుతుంది. హైటెన్షన్ కేబుళ్లలో తీగను చుట్టి ఉండే నల్లటి పొర అలాంటిదే.