ఆమెకు జీతం ఉంటే మనోవర్తి రాదా?

విజయవాడ కోర్టులో ప్లీడర్లు ‘ఎం.సి.’ అంటే మెయింటెనెన్స్ కేసు. విడిగా ఉంటున్న భార్యకు భర్త ఇవ్వాల్సిన పోషణ ఖర్చు కోసం వేసేది. ఆ ఖర్చునే పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ మనోవర్తి అంటారు. భార్య ఉద్యోగస్తురాలైతే, భర్త తరఫున వేసే జవాబులో, అంటే కౌంటరులో, ఒక వాక్యం అచ్చు పోసినట్టు ఉంటుంది: ‘పిటిషనరు ఉద్యోగం చేస్తున్నది, తనను తాను పోషించుకోగలదు, కనుక పిటిషన్ కొట్టివేయాలి.’ వెనక ఆమె జీతం స్లిప్పు జిరాక్సు జత చేస్తారు. చట్టం అంతా ఆ వాక్యమే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆడవాళ్లతో సహా. అసలు ఆ మాట చట్టంలోకి ఎప్పుడు వచ్చిందో చూస్తే కాస్త ఆశ్చర్యంగానే ఉంటుంది.

భర్త అంటే భరించేవాడు, భార్య అంటే భరించబడేది. భరణం, భృతి కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. వంద చేయరాని పనులు చేసైనా ముసలి తల్లిదండ్రులను, సాధ్వి అయిన భార్యను, పసిబిడ్డను పోషించాలని మనువు పేర చెప్పే శ్లోకం ఒకటుంది. ఆ ‘సాధ్వి’ అన్న మాట దగ్గరే ఎన్ని కాపురాలు కోర్టుకెక్కాయో, అది వేరే కథ.

బ్రిటిష్ వాళ్లకు శ్లోకాలతో పని లేదు. వదిలేసిన భార్యాపిల్లలు తిండి లేక వీధిన పడకూడదన్నదే వాళ్ల లెక్క. అందుకే 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్‌లో భరణం ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చి, నెలకు ఇంతకు మించకూడదని గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆ సెక్షన్‌లో ‘తనను తాను పోషించుకోలేని’ అన్న షరతు బిడ్డకే ఉండేది, భార్యకు లేదు. అంటే తనకు ఆదాయం లేదని ఆమె రుజువు చేసుకోవాలని ఆ పాత చట్టం అడగలేదు.

1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. మరుసటేడు డిసెంబరులో హిందూ దత్తత, పోషణ చట్టం వచ్చింది. మొదటి చట్టంలోని 24వ సెక్షన్ కింద కేసు నడిచినన్నాళ్లూ భరణం భార్యే కాదు, భర్త కూడా అడగవచ్చు. ఇది చాలామంది మగవాళ్లకు తెలియదు. రెండో చట్టం భరణం మొత్తం నిర్ణయించేటప్పుడు ఆమె సొంత సంపాదన కూడా చూడాలని చెప్పింది. చూడమంది అంతే, సంపాదన ఉంటే పంపించేయమనలేదు.

ఢిల్లీలో ఒక స్టెనోగ్రాఫర్ వేసిన కేసు పాత 488 కిందే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భార్య జీతాన్ని లెక్కలోకి తీసుకోవాలా, వద్దా అన్నదే ప్రశ్న. భగవాన్ దత్ కేసుగా పేరుపడిన ఈ తీర్పులో, తీసుకోవాల్సిందేనని 1974లో కోర్టు తేల్చింది. అప్పటికే 1973 కొత్త కోడ్ అమల్లోకి వచ్చేసింది. అందులో 488 కాస్తా 125 అయింది, ‘తనను తాను పోషించుకోలేని’ అన్న షరతు భార్యకూ అంటుకుంది. కౌంటర్లలో కనిపించే వాక్యం పుట్టిల్లు ఇదే.

ఇంకో సంగతి. 1955లో పెట్టిన 500 రూపాయల గరిష్ఠ పరిమితి కేంద్ర చట్టంలో 2001 దాకా కదల్లేదు. అంత కాలం, అయిదు వందల కోసం ఉద్యోగం చేసే ఆడమనిషి సెలవు పెట్టి వాయిదాలకు తిరుగుతుందా? ప్లీడరు ఫీజుకే చాలదు. ఆ పరిమితి ఎత్తేశాకే ఉద్యోగం చేసే భార్యల కేసులకు అర్థం వచ్చిందని నా అభిప్రాయం.

తర్వాత తగువంతా ‘పోషించుకోలేని’ అనే మాట చుట్టూనే నడిచింది. భర్త దగ్గర ఉన్నప్పుడు ఆమె ఎలా బతికిందో అలా బతకగలుగుతోందా అన్నది చూడాలి తప్ప, వదిలేశాక పొట్టకోసం ఏదో సంపాదిస్తోందని తోసిపుచ్చకూడదని 2007లో చతుర్భుజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సంపాదించే శక్తి ఉండటం వేరు, నిజంగా సంపాదించడం వేరు అని 2017లో శైలజ కేసులో అంది. ఎంబీఏ పట్టా చూపించి ‘చేయగలదు కదా’ అనే వాదనకు అది జవాబు.

లెక్క దగ్గరగా చూద్దాం. ఉదాహరణకే, విజయవాడ పటమటలో అద్దెకుండే ప్రైవేటు స్కూలు టీచరు జీతం 18 వేలు. అద్దె 8 వేలు, పిల్లాడి ఆటో, ఫీజు కలిపి 5 వేలు. మిగిలిన 5 వేలతో నెలంతా గడవాలి. హైదరాబాదులో ఉన్న భర్తకు చేతికొచ్చేది లక్షా ఇరవై వేలు. ఆమె పస్తులుండటం లేదు, నిజమే. కానీ ఆ కాపురంలో బతికిన తీరు ఇది కాదు. అదే ఆమె బ్యాంకు ఆఫీసరై అతనితో సమానంగా సంపాదిస్తుంటే, తన కోసం అడిగినా కోర్టు ఇవ్వకపోవచ్చు. అప్పుడు పిల్లాడి ఖర్చు ఇద్దరి ఆదాయాలను బట్టి పంచుతారు.

ఈ లెక్కలు కాగితం మీదికి రావాలని 2020 నవంబరులో రజ్నేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు నియమం పెట్టింది. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాలతో అఫిడవిట్ వేయాలి. భరణం దరఖాస్తు చేసిన తేదీ నుంచే ఇవ్వాలి. ఆమె ఉద్యోగం దానికదే అడ్డు కాదు. భర్త నికర జీతంలో నాలుగో వంతు అని కోర్టు వరండాల్లో చెప్పుకునే మాట 2017 నాటి మరో తీర్పులోది. ఆ కేసుకు అది సబబని కోర్టు అంది కానీ, అందరికీ వర్తించే కొలబద్దేమీ కాదు.

2024 జూలై 1 నుంచి 125 స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ వచ్చింది. అంకె మారింది గానీ ‘తనను తాను పోషించుకోలేని’ అన్న మాట ఎక్కడిదక్కడే ఉంది. కౌంటర్లలో ఆ వాక్యం ఇంకా అలాగే వస్తోంది, జీతం స్లిప్పు జిరాక్సుతో సహా.